కూర్చున్నందుకు నాలుగు వందల యెన్‌లు

టోక్యోలో మా నిషి-కసాయి పేట తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక బిల్లు ఫోటో పడింది. పెట్టింది టోక్యో వచ్చి మూడు నెలలు కూడా నిండని కుర్రాడు. శుక్రవారం రాత్రి నలుగురు కలిసి ఒక ఇజకాయాకి, అంటే కూర్చుని తాగుతూ తినే కొట్టుకి, వెళ్లారట. బిల్లులో అన్నింటికన్నా పైన "ఓతోషి, 4, 1,800 యెన్‌లు" అని ఉంది. ఫోటో కింద అతను రాసింది ఇది: "మేం అడగలేదు. వాళ్లే తెచ్చి పెట్టారు. అందులో స్క్విడ్ ఉంది. నేను శాకాహారిని, గిన్నె ముట్టుకోలేదు కూడా. అయినా నా వంతు 450 వేశారు. ఇది మోసం కాదా?"

పావుగంటలో ముప్ఫై మెసేజ్‌లు. విదేశీయుల్ని చూసి వేస్తారని ఒకరు (తప్పు, జపాన్‌వాళ్లకీ వేస్తారు). టిప్పు లేని దేశమని గొప్ప చెప్పుకుంటారు గానీ ఇదే ఆ టిప్పు అని ఇంకొకరు. వద్దంటే తీసేస్తారు, గట్టిగా అడగాలి అని మరొకరు (కొన్ని చెయిన్‌లలో నిజమే, చిన్న అంగళ్లలో ఆ మాట ఎవరూ అనరు). నేనూ ఏదో టైపు చేశాను, నాలుగుసార్లు చెరిపేశాను. నేను చెప్పాలనుకున్నది వాట్సాప్‌లో ఇమిడేది కాదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఓతోషికి, అంటే అడక్కుండానే ముందు తెచ్చి పెట్టే ఆ చిన్న గిన్నెకి, డబ్బు తీసుకోవడం న్యాయమే. బిల్లు మొత్తంలో నిక్కచ్చిగా ఉన్న పద్దు అదొక్కటే అని కూడా అంటాను. ఆ అబ్బాయి కోపంలోనూ న్యాయం ఉందని తర్వాత తెలిసింది. అది ఎలాగో చెప్పాలంటే ముందు మా వీధి చివర అంగడి దగ్గరికి వెళ్లాలి.

ఎనిమిది కుర్చీలు

తోజాయ్ లైను రైళ్లు పోయే వంతెన వెనక సందులో ఉంటుంది. ఎర్ర కాగితపు లాంతరు, తల వంచుకుని లోపలికి వెళ్లేలా కట్టిన నీలం గుడ్డ తెర. కౌంటరు ముందు ఎనిమిది కుర్చీలు, వెనక రెండు బల్లలు, అంతే. నడిపేది మొగుడూ పెళ్లాలే. ఆయన బొగ్గుల మీద కోడిమాంసం పుల్లలు కాలుస్తాడు, మిగతా వంటంతా ఆవిడది. వచ్చేవాళ్లు ఆయన్ని తాయిషో అనీ ఆవిడని ఒకామి-సాన్ అనీ పిలుస్తారు. ఒకామి-సాన్ అంటే కొట్టు యజమానురాలు, తాయిషో అంటే సేనాధిపతి. సేనాధిపతిగారి చేతిలో ఎప్పుడూ విసనకర్ర ఉంటుంది.

2017లో ఇక్కడికి వచ్చాక ఏడాది పాటు రోజూ ఆ తలుపు ముందు నుంచే నడిచాను గానీ లోపలికి పోలేదు. జరిపే తలుపు, లోపల ఏముందో కనపడదు. నవ్వులు మాత్రం సందు మొదటి దాకా వినపడతాయి. పగలంతా రైల్లో దగ్గడానికి కూడా మొహమాటపడే మనుషులు అక్కడ బల్లలు చరిచి నవ్వుతుంటారు. నా సంకోచానికి ఇంకో కారణం కూడా ఉంది. నాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. తాగే చోటు కనపడితే రోడ్డుకి అవతలి పక్కకి మారి నడవడం నేర్పి పెంచారు.

ఒక నవంబరు సాయంత్రం వాన నా తరఫున నిర్ణయం చేసింది. తలుపు జరిపి ఒక వేలు చూపించాను, ఒక్కదాన్నే అని. కౌంటరు చివర కుర్చీ మీద ఒక ముసలాయన సంచి ఉంది. ఆయన ఏమీ అనకుండా సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. చేతికి వేడి తడిగుడ్డ వచ్చింది. ఊలాంగ్ టీ అడిగాను. టీ కన్నా ముందే అరచేతంత గిన్నె వచ్చింది. తురిమిన తెల్ల ముల్లంగి, దాని మీద గుప్పెడు షిరాసు. చూడగానే గుర్తుపట్టాను. నెత్తళ్ల పిల్లలు! మా ఇంట్లో ఎండు నెత్తళ్లని ఉల్లిపాయ, ఎండుమిరపకాయలతో వేయిస్తే వీధి వీధంతా తెలిసేది. ఇక్కడ కారం లేదు, వేపుడు లేదు, రెండు చుక్కల సోయా సాస్ అంతే. అయినా ఆ గిన్నె నాకు సొంతవాళ్లు పెట్టినట్టే అనిపించింది. బిల్లులో దానికి 400 వేశారని చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకూ చివుక్కుమంది.

అదేం కొసరు?

మనకి ఎందుకు చివుక్కుమంటుందో చాలా రోజులు ఆలోచించాను. మన బజారులో అడక్కుండా చేతిలో పడేదానికి ఒక పేరు ఉంది, కొసరు. కూరగాయలవాడు రెండు పచ్చిమిరపకాయలు వేస్తాడు, పాలావిడ గరిటెడు ఎక్కువ పోస్తుంది. కొసరుకి డబ్బు తీసుకోవడమనేది మన ఊహకే రాదు. ఓతోషి చూడ్డానికి అచ్చం కొసరులాగే ఉంటుంది. చిన్నది, అడగనిది, నవ్వుతూ పెట్టేది. అలాంటిది బిల్లులో కనపడితే వాత పెట్టినట్టే ఉంటుంది.

జపాన్‌లో కొసరు లేదా అంటే, ఉంది. అది ఇంకో చోట ఉంది. సాకే (బియ్యంతో చేసే మద్యం) అడిగితే చెక్క డబ్బాలో గాజు గ్లాసు నిలబెట్టి, గ్లాసు నిండి డబ్బాలోకి పొర్లేదాకా పోస్తారు. దాని పేరే మొక్కిరి. ఆ పొర్లిందే కొసరు, దానికి డబ్బు లేదు. పక్కనున్న ముసలాయన ముందు డబ్బాలోది తాగాలా గ్లాసులోది తాగాలా అని ప్రతిసారీ తాయిషోతో వాదం పెట్టుకుంటాడు. ఎనిమిదేళ్లుగా అదే వాదం.

మరి ఓతోషి కొసరు కాకపోతే ఏమిటి? ఆ మాటకి మూలం "లోపలికి పంపడం" అనే క్రియ అంటారు. మీరు చెప్పింది వంటగదికి చేరింది అన్నదానికి గుర్తుగా ముందు వచ్చే గిన్నె. ఒసాకా వైపు దీన్నే త్సుకిదాషి అంటారు. కుర్చీ కిరాయి అని చాలాచోట్ల రాసి ఉండదు గానీ జరిగే పని మాత్రం అదే.

ఇజకాయా అన్న పేరులోనే జవాబు ఉంది. సకాయా అంటే సాకే అమ్మే కొట్టు. ముందున్న ఇ అంటే ఉండటం, కూర్చోవడం. కొలిచి ఇంటికి పట్టుకుపోవడానికి అమ్మే కొట్టులోనే జనం కూర్చుని తాగడం మొదలెడితే పుట్టిన వ్యాపారం ఇది. టోక్యో పేరు ఇంకా "ఎదో"గా ఉన్న కాలంలో, కాందా దగ్గర 1596లో మొదలైన తోషిమాయా అనే కొట్టు సాకేతో పాటు పుల్లకి గుచ్చి కాల్చిన తోఫూ పెట్టేదట. ఇజకాయాల వంశవృక్షం గీసేవాళ్లు దాని దగ్గర నుంచే మొదలుపెడతారు. 1811లో ఎదోలో తిండి కొట్లు లెక్కిస్తే వండిపెట్టే ఇజకాయాలే 1,808 తేలాయి. ఆ ఊళ్లో సాకే ఎక్కడైనా దొరికేది, మనిషి దాని కోసం ఇన్ని కొట్లకి తిరగక్కర్లేదు. అంటే ఆ 1,808 కొట్లు అమ్మింది కూర్చునే చోటు.

2021 వసంతంలో ఇది నా కళ్లతో చూశాను. కరోనా అత్యవసర పరిస్థితిలో, ఏప్రిల్ చివర్లో, మద్యం పోయడం ఆపమని టోక్యో హోటళ్లని అడిగారు. మా అంగడి లాంతరు ఆరిపోయింది. పగటిపూట తలుపు ముందు బల్ల వేసి డబ్బా భోజనాలు అమ్మారు. మద్యానికి కరువేమీ రాలేదు. వీధి మలుపులో ఉన్న కన్వీనియన్స్ స్టోర్‌లో బీరు ఇజకాయా ధరలో సగానికి ఇరవై నాలుగు గంటలూ దొరికేది. జనం అది కొనుక్కుని పార్కుల్లో, స్టేషను మెట్ల మీద నిలబడి తాగారు. దానికి "రోడ్డు మీద తాగుడు" అని పేరు కూడా పెట్టి టీవీలో తిట్టారు. ఒక రాత్రి మా ముసలాయన్ని కూడా చూశాను, వంతెన కింద, చేతిలో డబ్బా. నన్ను చూసి తల వంచాడు. నేనూ వంచాను. ఇద్దరికీ సిగ్గేసింది, ఎందుకో మరి.

లెక్క

నేను వెళ్తే రెండు గంటలు కూర్చుంటాను. ఊలాంగ్ టీ రెండు, 700. చికెన్ పుల్లలు మూడు, 540. ఉప్పు వేసి ఉడికించిన ఎదమామె (లేత సోయా) కాయలు, 380. ఓతోషి 400. మొత్తం 2,020. మద్యం తాగని మనిషి వల్ల ఏ తాగే కొట్టుకైనా నష్టమే. ఎనిమిది కుర్చీల కొట్టులో ఒక కుర్చీని శుక్రవారం రాత్రి టీ తాగుతూ పట్టుకు కూర్చుంటే ఇంకా నష్టం. ఆ 400 లేకపోతే వాళ్లకి రెండే దారులు, నాతో ఇంకో రెండు తాగించడం, లేదా నన్ను లేపడం. ఆ 400 ఇచ్చాను కాబట్టి "ఇంకేమైనా కావాలా" అని ఆవిడ అడిగినప్పుడు అది ప్రశ్నలాగే వినపడుతుంది, తోసినట్టు ఉండదు.

మన టిఫిను హోటల్లో కుర్చీ ఉచితం. ఉచితం కాబట్టే చివరి ముక్క నోట్లో ఉండగానే మోచేతి కింద బల్ల తుడిచేస్తారు, బిల్లు ప్లేటు కింద దూరుతుంది. "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని బోర్డు పెట్టేది రాజకీయాల మీద కోపంతో కాదు, మాటల్లో పడితే మనిషి లేవడు కాబట్టి. నేను వాళ్లని తప్పుపట్టడం లేదు. ఆ ధరకి ఇడ్లీ పెట్టేవాడు కూర్చోనివ్వమంటే ఎక్కడ నుంచి తెస్తాడు? ఇరానీ కేఫుల మాటేమిటంటారు, ఒక చాయ్‌తో మూడు గంటలు గడిచేవి కదా అని. గడిచేవి. హైదరాబాదులో ఉన్న నాలుగేళ్లలో నేనూ గడిపాను. అలాంటివి ఎన్ని మూతపడ్డాయో కూడా హైదరాబాదువాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అమ్మమ్మ

ఇంతవరకూ రాసి ఆగిపోయాను. ఎందుకంటే మా అమ్మమ్మ సారాయి అంగడి మూయించిన మనిషి.

1992లో దూబగుంట నుంచి సారా వద్దనే గాలి జిల్లా అంతా పాకినప్పుడు మా ఊరి ఆడవాళ్లూ లేచారు. అప్పటికి ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి సారా ప్యాకెట్లు ఊళ్లకి పంపేది. వాహిని అనే పేరు మాత్రం సరిగ్గా కుదిరింది, ఇళ్లల్లో కూలి డబ్బంతా అందులోనే కొట్టుకుపోయేది. ప్యాకెట్టు మూల పంటితో కొరికి, నిలబడే ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని పోయేవాళ్లట. అక్కడ కుర్చీ లేదు, తినడానికి ఏమీ లేదు, మాటలు లేవు. కూర్చున్నది ఆడవాళ్లే. అంగడి ముందు చాప పరుచుకుని, జీపు వస్తే కదలకుండా. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది, 1997లో మద్యం తిరిగి వచ్చింది. అమ్మమ్మ ఈ మూడు సంవత్సరాలనీ మనవళ్ల పుట్టినరోజుల్లా గుర్తుపెట్టుకుంది.

నిలబెట్టి తాగించే చోటు వేరు, కూర్చోబెట్టి తినిపించే చోటు వేరు అని నాకు నేను చెప్పుకుంటాను. ప్యాకెట్టు ఒక్కటే సంపాదన అయినప్పుడు ఇంకో ప్యాకెట్టు తాగించడం తప్ప ఆ కొట్టుకి గతి లేదు. ఈ వాదం నాకు నచ్చుతుంది. నచ్చే వాదాల మీదే నాకు అనుమానం కూడా ఎక్కువ.

జపాన్ ఏమీ పుణ్యలోకం కాదు. ఆఖరి తోజాయ్ రైల్లో టై మెడ వెనక్కి తిరిగి, బూటు ఒకటే ఉండి నిద్రపోయే మనుషుల్ని వారానికి ఒకరినైనా చూస్తాను. ఆఫీసు పార్టీలో తాగమని బలవంతపెట్టడానికి ఈ భాషలో విడిగా ఒక మాటే ఉంది, అరుహరా. మద్యం మీద పన్ను తగ్గిపోతోందని బెంగపడి 2022లో ఇక్కడి పన్నుల శాఖ, కుర్రకారుతో మళ్లీ తాగించడానికి ఉపాయాలు చెప్పమని "సాకే వీవా" అని ఒక పోటీ పెట్టింది. అది చదివినప్పుడు నాకు వారుణి వాహినే గుర్తొచ్చింది. ఏ దేశమైనా ఖజానాకి దాహం వేసేది ఒకేలాగ. 2024 ఫిబ్రవరిలో ఆరోగ్య శాఖేమో రోజుకి ఎన్ని గ్రాముల ఆల్కహాలు దాటితే జబ్బుల ముప్పు పెరుగుతుందో మొదటిసారి మార్గదర్శకాలు రాసింది. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో గ్రాముల లెక్క.

నా సంగతీ చెప్పాలి. మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు, బాగా రద్దీగా ఉన్న రోజు, ఒకామి-సాన్ గ్లాసులు తారుమారు చేసింది. ముసలాయన తాగేది ఊలాంగ్ హై, అంటే అదే టీలో షోచూ అనే మద్యం కలిపింది. రంగులో తేడా ఉండదు. సగం తాగాక చెవులు వేడెక్కి, ఇవాళ టీ ఏమిటో బాగుందే అనుకున్నాను. ఆయన తన గ్లాసు దీపం వైపు ఎత్తి విచారంగా చూస్తున్నప్పుడు విషయం బయటపడింది. ఆవిడ వంగి వంగి క్షమాపణలు చెప్పింది, కౌంటరంతా నవ్వింది. అప్పటి నుంచి ఆ అంగట్లో ఒక ఏర్పాటు. మద్యం ఉన్న గ్లాసులో కలిపే పుల్ల ఉంటుంది, నా గ్లాసులో ఉండదు. అమ్మమ్మకి ఈ కథ ఇంతవరకూ చెప్పలేదు.

కుర్రాడితో ఒక సాయంత్రం

ఆ అబ్బాయిని మా అంగడికి తీసుకెళ్లాను. దారిలో అసలు సంగతి అడిగాను. వాళ్లు వెళ్లింది ఒక పెద్ద చెయిన్‌కి. రెండు గంటలు ఎంతైనా తాగే పథకం. ఆర్డరు తెర మీద. గంటన్నరకి ఇదే ఆఖరి ఆర్డరు అన్నారట, రెండు గంటలకి లేచి వెళ్లమన్నారట. బయట వరసలో జనం ఉన్నారు.

నా సిద్ధాంతానికి అక్కడ గండి పడింది. గడియారం పెట్టి తాగించి, గంట కొట్టగానే లేపేసే చోట ఓతోషి దేనికి కిరాయి? ఆ స్క్విడ్ గిన్నె ఆ వంటగదిలో పొద్దున్నే ఎవరైనా చేసిందో, సంచి కత్తిరించి వేసిందో కూడా చెప్పలేం. కూర్చోనివ్వకుండా కుర్చీ డబ్బు తీసుకోవడాన్ని ఆ అబ్బాయి మోసం అన్నాడు. నేను వేరే మాట వెతికాను, దొరకలేదు. కాబట్టి నా మాట సవరించుకుంటున్నాను. వండిన మనిషి ఎదురుగా నిలబడి పెట్టే ఓతోషినే నేను సమర్థిస్తున్నాను. మిగతావాళ్లు ఆ పేరు వాడుకుంటున్నారు.

శాకాహారం సంగతి ఇంకా చిక్కు. ఇక్కడ చేప కనపడకపోయినా చారులో ఉంటుంది. వేయించిన తోఫూ అయినా, ఉడికించిన ఆకుకూర అయినా కత్సుఒబుషి, అంటే ఎండు చేప తురుము మరిగించిన నీళ్లలోనే మునుగుతుంది. మా ఒకామి-సాన్‌కి ఇది ముందే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, చల్లని తోఫూ మీద ఎప్పుడూ చల్లే చేప తురుము మానేసి, అల్లం, ఉల్లికాడ పెట్టి తెచ్చింది. తర్వాత ఉప్పు చల్లి కాల్చిన షిషితో మిరపకాయలు, ఆఖర్న ఊరబెట్టిన ఉమే కాయ పెట్టిన అన్నం ముద్ద. మిరపకాయల్లో కారం లేదని అతను నిరుత్సాహపడ్డాడు గానీ అన్నం ముద్ద మాత్రం రెండోది అడిగాడు.

బిల్లు వచ్చింది. ఓతోషి రెండు, 800.

"ఇప్పుడేమంటావ్?" అన్నాను.

"తోఫూ బాగుంది అక్కా. కానీ నాలుగొందలంటే ఇప్పటికీ ఎక్కువే."

పోయిన ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. ఇజకాయా అనగానే "అదేం కాయ మే, కూరొండుకుంటారా?" అంది. విషయం తెలిశాక చాలాసేపు మాట్లాడలేదు. కూర్చున్నందుకు డబ్బు తీసుకుంటారని చెప్తే నవ్వు ఆపుకోలేకపోయింది. "మన రావిచెట్టు కింద కూర్చునే మొగోళ్ల కాడ దుడ్లు వసూలు చేస్తే పంచాయతీ బాగుపడిపోద్ది" అంది. నేను ధైర్యం తెచ్చుకుని ఒకామి-సాన్ గురించి, ముసలాయన గురించి, పొర్లే సాకే గురించి చెప్పుకుంటూ పోయాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ ముసలాయనకి ఇంట్లో ఆడమనిషి ఉందా? ఆమె ఏమంటదో ఎప్పుడన్నా అడిగినావా?"

ఎనిమిదేళ్లలో అడగలేదు.

మొన్న శుక్రవారం వెళ్లాను. ఓతోషి కిరిబోషి ముల్లంగి, ఎండబెట్టి, నానబెట్టి ఉడికించింది, అచ్చం మన ఒరుగుల కూర. తొమ్మిదిన్నర దాటాక ముసలాయన ఫోన్ మోగింది. తెర చూసి, ఫోన్ బోర్లా పెట్టి, ఖాళీ గ్లాసు కొంచెం పైకెత్తాడు. ఒకామి-సాన్ ఆయన మొహం వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు గ్లాసు నిండా అదే గోధుమ రంగు. కలిపే పుల్ల ఉందా అని మెడ చాచి చూశాను.

ఉంది.